ముందు అతన్నే అడగండి

పిల్లలూ! మా తమ్ముడికి నాలుగేళ్ళప్పుడు జరిగిన సంగతి ఒకటి చెబుతాను.

ఒకనాడు మధ్యాహ్నం వీధిలోకి ఐసు బండి వచ్చింది. గంట వినిపించగానే వాడు పరుగెత్తి, వీధి కిటికీ ఊచల మధ్యనుంచి తల బయటికి పెట్టి చూశాడు. బండి వెళ్ళిపోయింది. వాడి తల మాత్రం వెనక్కి రాలేదు.

వాడు ఏడుపు లంకించుకున్నాడు. మా నాన్న వాడి భుజాలు పట్టి వెనక్కి లాగాడు. పిన్ని రెండు చెవులూ మడిచి పట్టుకుని చూసింది. పక్కింటాయన ఊచలు వంచబోయాడు. ఎవరో కొబ్బరినూనె రాయమన్నారు, రాశారు. లాగినకొద్దీ చెవులు కందిపోయి ఎర్రబడ్డాయి గాని తల రాలేదు. చివరకు వీధి చివరనుంచి ఒకతను ఇనుము కోసే రంపం తెచ్చాడు. అది ఊచకు తగిలి కిర్రుమనేసరికి వాడు గుక్కపట్టాడు.

అప్పుడు మా అమ్మమ్మ పెరట్లోనుంచి వచ్చింది. అందర్నీ ఒక్క కసురు కసిరి, వీధిలోకి వెళ్ళి, కిటికీ ముందు అరుగు మీద వాడి మొహానికి ఎదురుగా కూర్చుంది. ఊచల సందునుంచి వాడి చెయ్యి పట్టుకుంది.

"ఒరే నాన్నా, నా వంక చూడు. ఆ రంపం నిన్ను కొయ్యటానికి కాదురా, ఊచను కొయ్యటానికి. ఇప్పుడు కొయ్యరులే. తల ఎట్లా దూర్చావు? తిన్నగానా, పక్కకి తిప్పా?"

వాడు వెక్కుతూనే ఆలోచించాడు. గడ్డం పైకెత్తాడు. మెడ ఒక పక్కకు తిప్పాడు. మెల్లిగా ఒక చెవి దాటించాడు, తరవాత రెండోది. తల లోపలికి వచ్చేసింది! అందరూ కలిసి అరగంట లాగినా రానిది, వాడంతట వాడు అరనిమిషంలో తీసుకున్నాడు.

ఈ సంగతి ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఇంగ్లండులో కొందరు డాక్టర్లూ, అగ్నిమాపక దళాల వారూ కలిసి ఈ మధ్య తేల్చిన విషయం ఒకటి చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ జ్ఞాపకం వచ్చింది. మోటారు ప్రమాదాల్లో నుజ్జయిన కార్లలో చిక్కుకున్నవాళ్ళను ఎట్లా బయటికి తియ్యాలా అన్నది వాళ్ళ సమస్య. ఆ కథ ఒక యంత్రంతో మొదలవుతుంది కనక ముందు ఆ యంత్రం సంగతి చూద్దాం.

రెండు కార్లు ఎదురెదురుగా గుద్దుకున్నాయనుకోండి. ముందు భాగం నలిగిపోతుంది. అట్లా నలగాలనే కారును తయారు చేస్తారు! దెబ్బ బలం ఆ రేకులను నలపటంలోనే కొంత ఖర్చయిపోతే, లోపల కూర్చున్నవాడికి తగిలేది తగ్గుతుంది. కాని దెబ్బ మరీ పెద్దదయితే తలుపులు బిగుసుకుపోతాయి. ముందున్న భాగం వెనక్కి జరిగి, నడిపేవాడి కాళ్ళను పట్టేస్తుంది. మనిషి బతికే ఉంటాడు, బయటికి రాలేడు.

పూర్వం ఇటువంటివాళ్ళను తీయటానికి పలుగులూ, గొడ్డళ్ళూ, గుండ్రంగా తిరిగే రంపాలూ వాడేవారు. రంపం తిరిగితే నిప్పురవ్వలు లేస్తాయి. కింద పెట్రోలు కారి ఉంటుంది. ఇక చెప్పాలా! ఆ పైన చెవులు చిల్లులుపడే చప్పుడు.

అమెరికాలో జార్జి హర్స్ట్ అనే ఆయన ఉండేవాడు. కార్లకు గేరు మార్చే కడ్డీలు తయారుచేసి పేరు తెచ్చుకున్న మనిషి. మోటారు పందాలలో కారు బోల్తాపడి, లోపల దెబ్బలు తగిలిన డ్రైవరును బయటికి తీయటానికి ఎంతసేపు పడుతున్నదో ఆయన కళ్ళారా చూశాడు. 1960లలో ఆయన ఒక పరికరం చేయించాడు. చూడటానికి పెద్ద పట్టకారులా ఉంటుంది. కాని పట్టకారు నొక్కుతుంది, ఇది విప్పుతుంది. దాని రెండు కొసలనూ తలుపు సందులో దూర్చి మీట నొక్కితే చాలు, అవి మెల్లిగా విచ్చుకుంటూ ఇనప తలుపును బద్దలు చేస్తాయి. నిప్పురవ్వ లేవదు. ప్రాణం పోయే చోటినుంచి తప్పించుకున్నవాణ్ణి మనం "మృత్యువు కోరల్లోంచి బయటపడ్డాడు" అంటాం చూడండి, ఇంగ్లీషువాళ్ళు కోరలకు బదులు దవడలంటారు. అందుకని ఈ పరికరానికి "జాస్ ఆఫ్ లైఫ్", అంటే ప్రాణం నిలిపే దవడలు, అని పేరు వచ్చింది.

దానికి అంత బలం ఎక్కడిది? ఈ రహస్యం మీ ఇంట్లోనే చూడవచ్చు. మందుల షాపులో సూదులు లేని కొత్త సిరంజీలు రెండు కొనిపించుకోండి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. రెంటి ముక్కులనూ ఒక సన్నని ప్లాస్టిక్ గొట్టంతో కలపండి. లోపల గాలి బుడగ లేకుండా నీళ్ళు నింపండి. పెద్దదాని వెనక కాడ మీద మీ అన్నయ్యను బొటనవేలు పెట్టి నొక్కి పట్టుకోమనండి. చిన్నదాని కాడను మీరు నొక్కండి. అన్నయ్య మీకన్న బలవంతుడైనా, వాడి వేలు పైకి లేచిపోతుంది!

నీటినిగాని నూనెనుగాని ఒకచోట నొక్కితే, ఆ ఒత్తిడి తగ్గకుండా అన్ని వైపులకూ పోతుందని 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు పాస్కల్ చెప్పాడు. (పాపం, ఆయన బతికింది 39 ఏళ్ళే.) ఒక చదరపు సెంటీమీటరు మీద మీరు 10 కిలోల బరువుతో నొక్కారనుకోండి. అవతల ముషలకం వెడల్పు 100 చదరపు సెంటీమీటర్లయితే, ప్రతి సెంటీమీటరు మీదా 10 కిలోల చొప్పున మొత్తం 1,000 కిలోలు లేస్తాయి. లాభం ఊరికే రాదు. అవతలిది ఒక్క సెంటీమీటరు లేవాలంటే మీరు ఇవతల 100 సెంటీమీటర్లు నొక్కాలి. లారీ చక్రం మార్చేటప్పుడు క్లీనరు కుర్రవాడు జాకీ కాడను అన్నిసార్లు ఎందుకు కొడతాడో తెలిసిందా? రక్షణ దళాల వారి పరికరాల్లో చాలావాటి లోపల నూనె మీద, మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి 700 రెట్ల ఒత్తిడి ఉంటుంది. ఇప్పుడు బ్యాటరీతో నడిచేవి కూడా వచ్చాయి.

సరే, బలమైన పరికరం దొరికింది. దాంతో ఏం చేశారన్నది అసలు కథ.

మీ మెడ వెనక చేత్తో తడిమి చూసుకోండి. గట్టిగా తగులుతున్నవి వెన్నెముకలోని పూసలు. మెడలో అవి 7 ఉంటాయి. (జిరాఫీ మెడలోనూ 7 మాత్రమే!) ఆ పూసల మధ్య బొందలోనుంచి వెన్నుపాము పోతుంది. అది చిటికెన వేలంత లావు. మెదడు పంపే ఆజ్ఞలన్నీ దాని గుండానే కాళ్ళకూ చేతులకూ అందుతాయి. పూస విరిగి, దాని అంచు వెన్నుపామును కోసిందంటే మనిషి జన్మంతా మంచంలో ఉండవలసి రావచ్చు.

కనక రక్షించబోయేవాళ్ళకు ఒక భయం పట్టుకుంది. "ఇతని మెడలో పూస విరిగి ఉందేమో! మనం కదిపితే వెన్నుపాము తెగుతుందేమో!" ఈ భయంలో తప్పేమీ లేదు. మంచి మనసున్నవాడికే అటువంటి భయం కలుగుతుంది. అందుచేత ఎన్నో దశాబ్దాలపాటు వాళ్ళకు నేర్పింది ఒకటే: మనిషిని వెంట్రుకవాసి కదలనివ్వకూడదు.

అట్లా కదలకుండా తీయటమెట్లా? ముందు కారు ఊగకుండా కింద దిమ్మలు పెడతారు. ఒకరు వెనక సీటులోకి దూరి, గాయపడినవాడి తలను రెండు చేతులా పట్టుకుంటారు. మెడకు పట్టీ వేస్తారు. అద్దాలు తీసేస్తారు. పైకప్పును నిలబెట్టిన కమ్ములన్నీ కోసి, కప్పును డబ్బా మూత తీసినట్టు తీసి పక్కన పెడతారు. అతని వీపు వెనకగా పొడుగాటి పలక దించి, నలుగురైదుగురు కలిసి "ఒకటి, రెండు, మూడు" అనుకుని, దాని మీదుగా అతన్ని పైకి జరుపుతారు. చూడటానికి ఎంతో నేర్పుగా ఉంటుంది. ఈ పనిలో దళాలకు పోటీలు కూడా పెడతారు! ఇదంతా అయ్యేసరికి అరగంట పట్టడం మామూలే.

ఆ అరగంటా లోపలివాడికి ఏమవుతున్నది? కడుపులో ఎక్కడో రక్తం కారుతూ ఉండవచ్చు. దాన్ని ఆపటం ఆసుపత్రి బల్ల మీద అవుతుంది గాని, నుజ్జయిన కారులో కాదు. చలిదేశం, పైకప్పు తీసేశారు, వాన పడుతూ ఉండవచ్చు. ఒళ్ళు చల్లబడినకొద్దీ రక్తం గడ్డకట్టే గుణం తగ్గుతుంది. అంటే కారేది ఇంకా కారుతుంది.

మెడ కదలకుండా ఉండటానికి అరగంట ఖర్చు పెడుతున్నారు సరే. ఇంతకీ మెడ నిజంగా కదలకుండా ఉంటున్నదా? చిత్రమేమిటంటే, ఈ ప్రశ్నను కొలిచి చూసినవాళ్ళు చాలాకాలం దాకా చాలా తక్కువ.

ఐర్లండులో కొందరు కొలిచారు. ఒక కారులో ఆరోగ్యంగా ఉన్న మనిషిని కూర్చోబెట్టి, అతని ఒంటికి గుర్తులు అంటించి, చుట్టూ కెమెరాలు పెట్టారు. దళంవారు పద్ధతి ప్రకారం రకరకాలుగా అతన్ని బయటికి తీశారు. తరవాత అతన్ని తనంతట తానే, చెప్పినట్టు మెల్లిగా దిగి రమ్మన్నారు. ప్రతిసారీ మెడ ఎంత కదిలిందో కెమెరాలు లెక్కకట్టాయి. ఫలితం 2014లో అచ్చయింది. అంత జాగ్రత్తగా, అంతమంది కలిసి తీసిన పద్ధతుల్లో, మనిషి తానే దిగినప్పటికంటే మెడ నాలుగు రెట్లదాకా ఎక్కువ కదిలింది!

తరవాత ఇంగ్లండులోనూ కొలిచారు. అక్కడ చాలామంది ఆరోగ్యవంతులకు, కదలికను పసిగట్టే చిన్న చిన్న పరికరాలు తొడిగి చూశారు. అక్కడా మనిషి తానే దిగినప్పుడే మెడా, నడుమూ తక్కువగా కదిలాయి.

ఇదేమిటి, ఇట్లా ఎందుకయింది? మీరు చెరువునుంచి నీళ్ళు తెచ్చే ఆడవాళ్ళను చూసే ఉంటారు. నిండు బిందె నెత్తిన పెట్టుకుని గట్లు దాటుతుంది, ముళ్ళకంప తప్పుకుంటుంది, పక్కనావిడతో మాట్లాడుతుంది; చుక్క ఒలకదు. అదే బిందెను ఒక పలక మీద పెట్టి నలుగుర్ని మొయ్యమనండి. నాలుగు అడుగులు వేసేసరికి సగం నీళ్ళు వాళ్ళ చొక్కాల మీద ఉంటాయి. నిండు కుండ తొణకదని సామెత ఉంది గాని, నలుగురు మోస్తే నిండు కుండ కూడా తొణుకుతుంది. బిందె ఏ పక్కకు ఒరుగుతున్నదో నెత్తిన పెట్టుకున్న మనిషికి క్షణక్షణమూ తెలుస్తుంది. ఆమె కండరాలు ఆ క్షణంలోనే సర్దుకుంటాయి. పక్కవాడి చేతిలో ఉన్న బరువు సంగతి మోసే నలుగురికీ తెలియదు. అట్లాగే ఒళ్ళు తెలిసి ఉన్న మనిషి, నొప్పి పుట్టిన చోటును తానే బిగబట్టి కాపాడుకుంటాడు. ఎక్కడ ఆగాలో అతనికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు.

కాని కొలిచింది ఆరోగ్యవంతుల మెడలను గదా! నిజంగా ప్రమాదంలో చిక్కుకున్నవాళ్ళ సంగతి ఏమిటి? మీలో చురుకైనవాళ్ళు ఈ ప్రశ్న వేసే ఉంటారు. దానికోసం టిమ్ నట్‌బీమ్ అనే డాక్టరూ ఆయన తోటివారూ బ్రిటనులో తీవ్రంగా గాయపడినవాళ్ళ వివరాలు దాచే పెద్ద చిట్టా ఒకటి తీసి, 2012 నుంచి 2018 వరకు ఉన్న లెక్కలు చూశారు. మోటారు ప్రమాదాల్లో గాయపడినవాళ్ళు 63 వేల పైచిలుకు. వాళ్ళలో బండిలో చిక్కుకుపోయినవాళ్ళు దాదాపు 7 వేలమంది.

చిక్కుకోనివాళ్ళలో నూటికి 5 గురు చనిపోయారు. చిక్కుకున్నవాళ్ళలో నూటికి సుమారు 9 మంది చనిపోయారు.

"చిక్కుకున్నవాళ్ళకు తగిలిన దెబ్బలే పెద్దవై ఉంటాయి, అందుకని ఎక్కువమంది పోయి ఉంటారు" అంటారేమో. నిజమే, వాళ్ళ దెబ్బలు పెద్దవే. అందుకని ఆ డాక్టర్లు దెబ్బల తీవ్రతనూ, వయస్సునూ లెక్కలోకి తీసుకుని మళ్ళీ పోల్చి చూశారు. తేడా తగ్గింది గాని పోలేదు. సమాన దెబ్బలు తగిలినవాళ్ళలో కూడా, చిక్కుకుపోయినవాళ్ళకే అపాయం ఎక్కువగా కనిపించింది. అట్లాగని కాలమే చంపిందని ఈ లెక్క ఒక్కటే రుజువు చెయ్యదు. కాని వేలు పెట్టి కాలం వైపే చూపిస్తున్నది.

మరి అందరూ అంతగా భయపడిన వెన్నుపాము దెబ్బ ఎంతమందికి తగిలింది? వెయ్యిమందిని కార్లలోనుంచి తీస్తే, ఏడుగురికి! ఆ ఏడుగురిలో సుమారు సగంమందికి ఇతర తీవ్రమైన గాయాలు కూడా ఉన్నాయి. వాళ్ళనూ త్వరగా బయటికి తీయవలసిందే. వెయ్యిమందినీ ఆ ఏడుగురికోసం అరగంట చొప్పున కూర్చోబెట్టారన్నమాట. ఈ లెక్కలు 2021లో అచ్చయ్యాయి.

నాకు ఈ కథలో బాగా నచ్చిన భాగం ఇక్కడ ఉంది. ఏళ్ళతరబడి కప్పులు కోసి, పోటీల్లో బహుమతులు తెచ్చుకున్నవాళ్ళతో "మీరు చేస్తూ వచ్చింది సరికాదేమో" అంటే కోపం రాదా? కాని 2022లో అచ్చయిన ఒక పత్రం చూస్తే, ఈ పనిలో అనుభవమున్న డాక్టర్లూ, అంబులెన్సువారూ, అగ్నిమాపక దళాలవారూ ఒక మాటమీదికి వచ్చారు. వెంట్రుకవాసి కదలకుండా చూడటం కన్న, చిక్కుకున్న కాలాన్ని తగ్గించటం ముఖ్యమన్నారు. మొట్టమొదట చెయ్యవలసిన పని రంపం తీయటం కాదు, లోపలివాణ్ణి అడగటం. "మీ కాళ్ళు కదుపుతారా? మెల్లిగా ఇటు తిరగగలరా? నేను చెయ్యి అందిస్తాను, దిగుతారా?"

అందర్నీ ఇట్లా దింపవచ్చునా? వీల్లేదు. చెప్పింది అర్థం చేసుకోలేని స్థితిలో ఉన్నవాడు దిగలేడు. ఒంట్లో ఏ ఇనప ముక్కో గుచ్చుకుని ఉన్నవాణ్ణి దిగమనకూడదు. కటి ఎముక విరిగిందని అనుమానం ఉన్నా, ఒక్క కాలి మీదయినా నిలబడలేకపోయినా దిగమనరు. కాళ్ళ మీద ఇనుము పడి బిగుసుకున్నవాడికి హర్స్ట్ గారి దవడలు రావలసిందే. అప్పుడు కూడా, అందంగా కప్పు తీసే పద్ధతి కాకుండా, త్వరగా అయ్యే పద్ధతి వెతుకుతారు. తలుపు ఒకటి ఊడదీస్తే చాలునంటే అంతే చేస్తారు.

ఇంకొక పని కూడా చేశారు వాళ్ళు. కార్లలో చిక్కుకుని బతికి బయటపడ్డ కొందరి దగ్గరికి వెళ్ళి, "లోపల ఉన్నప్పుడు మీకెట్లా ఉండింది?" అని అడిగి రాసుకున్నారు. ఇది పెద్ద విజ్ఞానశాస్త్రమా అనిపిస్తుంది. ఆ మాటకొస్తే, లోపల ఏమవుతున్నదో లోపలున్నవాడి కన్న ఎవరికి తెలుసు?

వాళ్ళు చెప్పినవాటిలో ముఖ్యమైనది ఒకే ఒక మనిషి సంగతి. చుట్టూ పది మంది అటూ ఇటూ పరుగెడుతూ ఉంటే, తన పక్కన ఒకరు కదలకుండా ఉండి, పేరుతో పిలిచి, చెయ్యి పట్టుకుని, జరుగుతున్నదంతా చెబుతూ ఉండటం. "ఇప్పుడు అద్దం పగలగొడతారు, పెద్ద చప్పుడవుతుంది, కళ్ళు మూసుకోండి" అని ముందుగా చెబితే, ఆ చప్పుడు అంత భయపెట్టదు. చెప్పకపోతే, ఏదో విరిగి తన మీద పడుతున్నదనుకుంటాడు. అదే కారులో ఉన్న తన భార్యో, బిడ్డో, స్నేహితుడో ఏమయ్యాడో తెలియకపోవటం మరీ బాధ. అందుకని ఇప్పుడు ఒకర్ని ప్రత్యేకం ఈ పనికే పెట్టమంటున్నారు. అతను రంపం పట్టడు, తాడు లాగడు. చెయ్యి వదలకుండా ఉండటమే అతని ఉద్యోగం.

మా తమ్ముడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు. కిటికీ సంగతి ఏం జ్ఞాపకముందిరా అని అడిగితే, లాగినవాళ్ళెవరూ జ్ఞాపకం లేరుట. రంపం చప్పుడూ, అమ్మమ్మ చేతికి ఉన్న చింతపండు వాసనా జ్ఞాపకమున్నాయిట. పెరట్లో చింతపండు పిసుకుతూ, అట్లాగే లేచి వచ్చిందిగా!

బయటపడ్డవాళ్ళ మనసుకు గుచ్చుకున్న సంగతి ఇంకొకటుంది. చుట్టూ చేరినవాళ్ళు సెల్‌ఫోన్లు పైకెత్తి బొమ్మలు తీస్తూ ఉండటం. తాను నెత్తురోడుతూ కూర్చుంటే, ఎవడో తన బొమ్మను ఊరందరికీ పంపుతున్నాడనే ఊహ ఎట్లా ఉంటుందో మీరే ఆలోచించండి. ఈ విషయం ఇంగ్లండుకు ఎంత వర్తిస్తుందో మన బందరు రోడ్డుకూ అంతే వర్తిస్తుంది.

ఇదంతా చదివి మీలో ఎవరయినా, రోడ్డు మీద ప్రమాదం కనిపిస్తే పరుగెత్తి వెళ్ళి "దిగండి, దిగండి" అంటారేమో! అట్లా చెయ్యకండి. దింపవచ్చునో లేదో చూడటం ఆ విద్య నేర్చినవాళ్ళ పని. మంటో, పొగో లేచినప్పుడు తప్ప, పెద్దవాళ్ళు కూడా లోపలివాణ్ణి పట్టి లాగకూడదు. మంట లేచినా మీరు దగ్గరికి పోకూడదు. మీరు రోడ్డు దిగి దూరంగా నిలబడండి. పెద్దవాళ్ళ చేత 108కిగాని 112కిగాని ఫోను చేయించండి. 108 అంబులెన్సులు 2005లో మన హైదరాబాదులోనే మొదలై తరవాత ఎన్నో రాష్ట్రాలకు పాకాయి. ఫోను తీసినవాళ్ళు ముందు అడిగేది చోటు ఎక్కడని. కనక రోడ్డు పక్కన కిలోమీటరు రాయి మీద ఏముందో చదివి చెప్పటం మీ వంతు. లోపల ఎవరయినా చిక్కుకుని ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పించండి. అప్పుడు ఫైరింజను కూడా బయలుదేరుతుంది.

పెద్దలకు ఒక మాట. సాయం చేస్తే పోలీసు స్టేషన్ల చుట్టూ తిరగాలనే భయం మనవాళ్ళలో చాలామందికి ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, ప్రమాదంలో ఉన్నవారికి మంచిమనసుతో సాయపడేవారిని కాపాడుతూ అందులో 134ఎ అనే సెక్షను చేర్చారు. అంబులెన్సు వచ్చేలోగా, వచ్చే పోయే బళ్ళను ఆపించి, లోపలివాడికి కనిపించేటట్టు ఎదురుగా నిలబడి మాట్లాడుతూ ఉండవచ్చు. ఎదురుగా ఎందుకంటే, పక్కనుంచి పిలిస్తే అతను మెడ తిప్పుతాడు గదా!

ఇక సిరంజీల ప్రయోగం సంగతి. చిన్నదాని కాడ ఎంత దూరం లోపలికి పోతే, పెద్దదాని కాడ ఎంత దూరం బయటికి వచ్చిందో స్కేలు పెట్టి కొలవండి. మూడుసార్లు కొలిచి, మూడు అంకెలూ కార్డు మీద రాసి పంపండి. మూడూ ఒకటిగా రాకపోతే కంగారుపడి దిద్దకండి. గొట్టంలో గాలి బుడగ మిగిలిందేమో చూసుకుని, వచ్చినవి వచ్చినట్టే రాయండి.